ఆధునిక కవిత చదవడం – 5వ పాఠం: దరువు ఎక్కడ తప్పుతోంది?

పోయిన పాఠంలో గురజాడ వాడిన ముత్యాల సరం అనే ఛందస్సు నడక, మూడు మాత్రలు, నాలుగు మాత్రలు (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు), చేత్తో లెక్కపెట్టుకున్నాం. ఈసారి శ్రీశ్రీ. అర్థం సంగతి కాసేపు పక్కన పెట్టి, 1934లో రాసిన ‘మహాప్రస్థానం’ గీతం పైకి చదవండి, కాలితో నేల మీద దరువు వేస్తూ.

‘మరో ప్రపంచం’ అంటే ఎనిమిది మాత్రలు, నాలుగు నాలుగుగా విరుగుతాయి: మరోప్ర – పంచం. ‘పదండి ముందుకు’ కూడా అంతే, ‘పోదాం, పోదాం’ కూడా అంతే. ‘పిలిచింది’ దగ్గరకి వచ్చేసరికి మాత్రం అయిదే ఉన్నాయి. మిగతా మూడు మాత్రలూ ఖాళీ. మాట అయిపోయినా దరువు ఆగదు, ఆ ఖాళీలో మీ కాలే పడుతుంది. ‘పైపైకి’ దగ్గర మళ్ళీ అదే. ఆ ఖాళీ దగ్గరే పాఠకుడు కూడా నడిచేవాళ్ళలో కలిసిపోతాడని నా నమ్మకం.

ఇదే కవి 1928లో తన తొలి కవితల పుస్తకం ‘ప్రభవ’ వేసినప్పుడు భావకవి కృష్ణశాస్త్రి ప్రభావంలో ఉన్నాడు. తర్వాత వచ్చింది ఆర్థిక మాంద్యం, చదువుకున్న కుర్రాళ్ళకి ఉద్యోగాల్లేవు, పస్తులు. ఒంటరి మనిషి విరహానికి సరిపోయిన నడక, ఎంత అందమైనదైనా, ఆకలితో వీధిలో నిలబడ్డ గుంపుకి సరిపోదు కదా. కాలం మారినప్పుడు మనుషుల్లో ఒక కొత్త బాధ పుడుతుంది, దానికి పేరుండదు, ఎవరికి చెప్పుకోవాలో తెలీదు, ఆ బాధ నలుగురి నోటా పలికేలా చెయ్యడమే కళ చేసే పని అని నేను గట్టిగా నమ్ముతాను. నినాదం రాయడం అంతకంటే చాలా తేలిక.

ఇప్పుడు ఈ గీతం ఉన్న ‘మహాప్రస్థానం’ పుస్తకం మొదట్లోని అంకిత గీతం తియ్యండి. స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు 1937లో చనిపోయాడు. ‘తలవంచుకు వెళ్ళిపోయావా నేస్తం’ అన్న పంక్తికి అదే నాలుగు మాత్రల దరువు వేసి చూడండి. ‘తలవం – చుకువె’ దాకా బాగానే వెళ్తుంది, ‘ళ్ళిపోయా’ దగ్గర అయిదు పడి కాలు తడబడుతుంది. లోకాన్ని పదండి పదండి అని తోసుకెళ్ళినవాడే ఇక్కడ నడవలేకపోతున్నాడు! మరో ప్రపంచం పిలిచిందని అందరికీ చెప్పినవాడికి ఈ ప్రపంచంలో ఆ ఒక్క నేస్తం మిగల్లేదు. పుస్తకం 1950లో అచ్చయితే, ఆ పేజీనే ముందు పెట్టాడు, మిగతాది దాని తర్వాతే చదవమన్నట్టు. కోపం వెనక ఈ దుఃఖం వినపడకపోతే ‘మహాప్రస్థానం’ సగమే చదివినట్టు.

సాధన: ఈ రెండు గీతాలూ రోజుకోసారి పైకి చదవండి, టెన్షన్ పడకండి, ఛందస్సు రానక్కర్లేదు, లఘువుకి (పొట్టి అక్షరానికి) ఒకటి, గురువుకి (దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం) రెండు, అంతే. తర్వాత ఈ మధ్య చదివిన ఒక వచన కవిత తీసుకుని దరువు తప్పిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టండి, అక్కడ ఏ భావం మారిందో పక్కన ఒక్క మాటలో రాయండి. భావం ఏమీ మారకుండా దరువు తప్పిందా, అదీ రాయండి. వచ్చే పాఠంలో 1939 నాటి పఠాభి కవితల మీద ఆ గీతలతోనే పని.