ఈక గాలం – ఐదవ పాఠం: ఏడాది పొడవునా తుంగభద్ర

ఈకతో కట్టిన పురుగులాంటి ఎరను విసిరి చేపను పట్టే ఈక గాలం (ఫ్లై ఫిషింగ్) విద్యలో కర్ర పట్టు, లైను వెనక్కి పోయి పూర్తిగా విచ్చుకునే దాకా ఆగడం, తంగూసు ముడులు, కోడి ఈకతో ఎర కట్టడం అనే నాలుగు మెట్లు ఎక్కాము. మేడ మీదనో, బడి మైదానంలోనో ముప్పై అడుగుల దూరంలో పెట్టిన చాటలోకి పదింటికి ఆరుసార్లయినా ఎరను దించగలుగుతున్నవారు ఇక నీటి దగ్గరికి రావచ్చు. దించలేనివారు కూడా రావచ్చు కానీ, వెనక తుమ్మచెట్టు లేని చోటు చూసుకోవాలి.

మన గాలం వేటకూ ఈ ఈక గాలానికీ ఉన్న తేడా ఈ పాఠంలోనే బాగా తెలుస్తుంది. బుడ్డల చెక్క ముద్దనో వానపామునో కట్టి వేసేవారు ఒక మడుగు దగ్గర కూర్చుని, వాసనకు చేప తనంతట తాను వచ్చేదాకా బెండు వైపు చూస్తూ ఉండవచ్చు. ఈక ఎరకు వాసన లేదు, రుచి లేదు. చేప కంటికి అది పురుగులాగా కనబడాలి, ఆ సమయంలో చేప ఆ చోట మేస్తూ ఉండాలి. కాబట్టి చేప ఎప్పుడు ఎక్కడ ఉంటుందో వేటగాడే ముందుగా ఊహించాలి, ఆ ఊహకు ఆధారం క్యాలెండరు కంటే నీటి వేడి, నీటి మట్టం, నీటి రంగు.

ఈ విద్య చల్లని నీటిలో బతికే ట్రౌట్ చేప కోసం పుట్టింది గనుక మొదట దాని సంగతి చెప్పుకోవాలి. నీటి వేడి 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు ట్రౌట్ చురుకుగా మేస్తుంది, 20 దాటితే ఇబ్బంది పడుతుంది, 25 దగ్గరికి వస్తే దాని ప్రాణానికే ముప్పు. కారణం చాలావరకు ఆక్సిజన్. 10 డిగ్రీల నీరు లీటరుకు దాదాపు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను కరిగించుకోగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోతుంది. వేడి పెరిగే కొద్దీ చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది, నీటిలో దొరికేది తగ్గుతుంది. అందుకే మన దేశంలో ట్రౌట్ కాశ్మీరులో, కులూ వైపు తీర్థన్, బియాస్ నదులలో, దక్షిణాన నీలగిరి, మున్నారు కొండల్లో ఉన్నదే తప్ప కర్నూలు జిల్లాలో ఏ వంకలోనూ లేదు, ఉండబోదు.

ట్రౌట్‌తో పాటు ఈ విద్యలో వినబడే మరో పేరు స్టీల్‌హెడ్. అది వేరే జాతి కాదు, సముద్రానికి వెళ్ళి వచ్చే రెయిన్‌బో ట్రౌట్. ఉత్తర అమెరికా పడమటి తీరపు నదులలో పుట్టి, పసిఫిక్ మహాసముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ నది ఎక్కుతుంది. గోదావరికి పులస ఎదురెక్కి వచ్చినట్టే అనుకోండి. మే నుంచి అక్టోబరు దాకా వచ్చే గుంపును వేసవి గుంపు అనీ, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వచ్చేదాన్ని శీతాకాలపు గుంపు అనీ అక్కడివారు విడదీస్తారు. నదిలోకి వచ్చాక అది పెద్దగా మేయదు, అయినా తన ముందుగా అడ్డంగా కదిలి పోయే ఎరను కొడుతుంది. ఆ కదిలించే పద్ధతిని ఈ పాఠం చివర మన నీటిలోనే సాధన చేస్తాము.

ఇక మన చేపలు. ఈక ఎరకు ఇక్కడ అందేవి ముఖ్యంగా జిలేబీ (తిలాపియా), కొరమీను, గుంపులుగా తిరిగే చిన్న పరకలు. బొచ్చె పైనీటిలోనూ, రోహు నడినీటిలోనూ, మోసు అడుగునా మేస్తాయి గానీ వాటికి పిండి ముద్దే మేలు. ఒక రోహును ఈకతో పట్టాలని మూడేళ్ళు పట్టుబట్టి, ఒక్కటీ పట్టలేక మానుకున్నవాడిని నేను, మీ కాలం వృథా చేసుకోకండి.

ఒక పనిముట్టు కొనాలి: బడి ప్రయోగశాలలో వాడే ఆల్కహాల్ థర్మామీటరు. దానికి నాలుగు గజాల దారం కట్టి, నీడ ఉన్న చోట మోకాలి లోతుకు దించి, రెండు నిమిషాలు ఉంచి, పైకి తీయగానే చదవాలి. తీసి తీరిగ్గా చూస్తే మన ఎండకు పాదరసం లేని ఆ ఎర్ర గీత కూడా క్షణంలో రెండు డిగ్రీలు ఎక్కుతుంది. ఇంకొక పనిముట్టు ఇంట్లోనే ఉంటుంది: టిఫిను డబ్బా మూత. దానికి రాయి కట్టి దించండి. జానెడు లోతు దాటకముందే మూత కనబడకుండా పోతే ఆ రోజు ఈక ఎర పనికిరాదు. మీకు కనబడని మూత పక్కన చేపకు మీ ఎర ఎలా కనబడుతుంది?

రోహిణి కార్తెతో మొదలుపెడదాము, ఎందుకంటే మన ప్రాంతంలో చేపకు అన్నిటికంటే గడ్డుకాలం అదే. రోళ్ళు పగిలే ఆ ఎండల్లో తుంగభద్ర ఇసుక మధ్య మడుగులుగా విడిపోతుంది. పగటిపూట చేపలు బండల నీడన, లోతులో ఉంటాయి. తెల్లవారుజామున మడుగు దగ్గరికి వెళ్ళినవారికి ఒక దృశ్యం కనబడుతుంది: పాచి పట్టిన పచ్చని నీటిలో పదుల కొద్దీ మూతులు పైకి తేలి ఉంటాయి. కొత్తవారు అది మేత అనుకుని ఎర వేస్తారు. అది మేత కాదు. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన పాచే రాత్రంతా ఆక్సిజన్ తీసుకుంటుంది, అందువల్ల తెల్లవారే వేళకు నీటిలో ఆక్సిజన్ అడుగంటి, చేపలు ఊపిరి కోసం పైనీటిని గుటకలు వేస్తుంటాయి. రెంటికీ తేడా దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పురుగును తినే చేప ఒక్కసారి వచ్చి, గుండ్రని అల ఒకటి, తరచుగా ఒక బుడగ విడిచి పోతుంది. ఊపిరాడని చేప మూతి ఒకే చోట నిలిచి, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, ఎర దాని పెదవికి తగిలినా పట్టించుకోదు. అలాంటి మడుగు మీద గాలం వేయకండి, ఆ చేపను కొక్కెంతో లాగి వదిలినా అది బతికే అవకాశం తక్కువ. కొరమీనుకు మాత్రం ఈ బాధ లేదు. అది గాలిని నేరుగా పీల్చుకోగలదు కాబట్టి కాసేపటికొకసారి గుబుక్కున పైకి వచ్చి మళ్ళీ దిగిపోతుంది. ఆ గుబుకు వినబడిన చోటికి మూడు నాలుగు అడుగుల పక్కగా, కప్ప ఆకారపు ఎరను దించి చిన్నగా చిన్నగా లాగాలి.

మృగశిర కార్తె ప్రవేశించి, మొదటి వాన పడిన సాయంత్రం దీపాల చుట్టూ ఉసిళ్ళు ముసురుతాయి. ట్రౌట్ నదుల దగ్గర ఫలానా పురుగు రెక్కలు తొడిగి నీటి మీదికి లేచే రోజు కోసం వేటగాళ్ళు ఏడాది పొడవునా ఎదురుచూస్తారు. మనకు ఆ రోజు ఇదే. ఉసిళ్ళు నీటి మీద పడి రెక్కలు రాల్చుకుంటాయి, అప్పుడు వంకల్లో, చెరువుల్లో పరకలు, జిలేబీలు నీటి పైపొరను విడిచిపెట్టవు. ఉసిలను పోలిన ఎర గోధుమ రంగు ఉన్ని నడుముతో, బూడిదరంగు ఈక రెక్కలతో, 12వ నంబరు కొక్కెం మీద సరిపోతుంది. దాన్ని లాగకూడదు, నీటి మీద పడి ఉండనివ్వాలి. ఈ ఆట గంట కంటే ఎక్కువసేపు సాగదు, కాబట్టి వాన వెలిసేసరికి కర్ర కట్టి సిద్ధంగా ఉండాలి.

అయితే ఇదే కొరమీను తన పిల్లలను కాసుకునే కాలం కూడా. గట్టు పక్క నీటిలో ఎర్రగా, పిడికెడు కుంకుమ చల్లినట్టు ఒక గుంపు కదులుతూ కనబడితే అవి దాని పిల్లలు, కింద తల్లిదండ్రులు ఉంటాయి. ఎర వేస్తే అవి కోపంతో తప్పకుండా కొడతాయి, అందుకే వేయకూడదు. పెద్దచేపను తీసిన పావుగంటలో మిగతా చేపలు ఆ పిల్లలను ఖాళీ చేస్తాయి.

జులై, ఆగస్టు నెలల గురించి చెప్పవలసింది వేటకన్నా జాగ్రత్త ఎక్కువ. తుంగ, భద్ర రెండూ కర్ణాటకలోని పడమటి కనుమల్లో పుట్టి శివమొగ్గ దగ్గర కూడలిలో కలుస్తాయి, అందువల్ల కర్నూలులో చినుకు లేకపోయినా ఇక్కడి నదికి వరద వస్తుంది. హోస్పేట దగ్గర డ్యాము గేట్లు ఎత్తిన నీరు ఆ తరువాత ఎండలోనే మన కాళ్ళ దగ్గరికి చేరుతుంది. 2024 ఆగస్టులో ఆ డ్యాము 19వ గేటు రాత్రికి రాత్రి కొట్టుకుపోయినప్పుడు దిగువన నది గట్లవారికి చాటింపు వేయవలసి వచ్చింది, 2009 అక్టోబరు 2న కర్నూలు ఊరే మునిగిన సంగతి చెప్పనక్కరలేదు. నా అనుభవం వాటి ముందు చిన్నది. నాగులదిన్నె వైపు ఒక బండ మీద చెప్పులు విడిచి, ఎదురుగా ఉన్న నీటినే చూస్తూ గంటసేపు విసిరాను. చెప్పులు తేలి పోతుంటే గానీ వెనక ఉన్న పాయ పొంగిందని తెలియలేదు, నడుము లోతులో గట్టు చేరాను. అప్పటి నుంచి నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పది నిమిషాలకొకసారి దానిని చూస్తాను. పుల్ల తడిసిందంటే మారు ఆలోచన లేకుండా బయటికి రావాలి.

ఈ బురదనీటిలో ఒకే ఒక్క మంచి చోటు ఉంటుంది. రెగడి నేలల నీటిని మోసుకొచ్చే హంద్రి కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసేచోట, రెండు నీళ్ళ రంగులు వేరుగా ఉన్న రోజున, మధ్యలో ఒక గీత కనబడుతుంది. చేపలు తేటగా ఉన్న వైపున, గీతకు ఆనుకుని నిలబడి, బురద వైపు నుంచి కొట్టుకొచ్చే పురుగును అందుకుంటాయి. ఎర గీత వెంబడే పోవాలి.

దసరా నుంచి కార్తీకం దాకా మన బంగారు కాలం. నీరు తేరుకుంటుంది, టిఫిను మూత మూరెడు లోతులోనూ కనబడుతుంది, కె.సి. (కర్నూలు–కడప) కాలువ వెంబడి వరిపైర్ల గట్ల మీద నుంచి మిడతలు గాలికి నీటిలో పడుతుంటాయి. మిడత ఎర నీటిని తాకేటప్పుడు చప్పుడు చేయాలి, మెత్తగా దించడం నేర్చుకున్న చేతికి ఇది కొత్తగా ఉంటుంది. కాలువ గట్టు ఏటవాలుగా, నాచుతో జారుడుగా ఉంటుంది, గట్టు మీదనే నిలబడి విసరండి. చేపల హక్కు మత్స్యకారుల సంఘానిదైన చెరువులలో, జలాశయాలలో సంఘంవారిని అడగకుండా కర్ర తీయవద్దు. అడిగితే చాలావరకు నవ్వి ఒప్పుకుంటారు, ఈక చూసి ఇంకా నవ్వుతారు.

పుష్యమాసపు చలిలో వేళ తలకిందులవుతుంది. వేసవిలో తెల్లవారుజామున, మునిమాపున తిరిగే చేప ఇప్పుడు ఎండ ఎక్కాక, పదకొండు నుంచి మూడు దాకా తిరుగుతుంది. జిలేబీ వేడినీటి చేప గనుక చలికి మందగిస్తుంది, ఎరను అడుగుకు దించి చాలా నెమ్మదిగా లాగాలి. హిమాచల్‌కు వెళ్ళే ఆలోచన ఉన్నవారు గుర్తుంచుకోండి, అక్కడ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట మూసివేస్తారు.

చలి తగ్గి, వరద లేని మాఘ ఫాల్గుణాలే స్టీల్‌హెడ్ పద్ధతి సాధనకు అనువైనవి. మోకాలి లోతు మించని, నడక వేగంతో పారే పాయ ఒకటి చూసుకోండి. ప్రవాహానికి అడ్డంగా, కొద్దిగా దిగువకు, వాలుగా విసరండి. లైను నీటిని తాకగానే నడిమి వడి దాని నడుమును ముందుకు తోసుకుపోతుంది, దానితో ఎర కొరడాలా వడిగా పోతుంది. అది జరగకముందే కర్ర కొసతో లైను నడుమును ఎత్తి ఎగువ వైపు మళ్ళించి పడేయాలి. ఇక కర్రను కదపకుండా, ఎర తనంతట తాను అర్ధచంద్రాకారంగా మీ గట్టు వైపు వచ్చేదాకా ఆగండి. చేప కొట్టేది ఎక్కువగా ఆ వంపు చివరనే. తగిలిన క్షణంలో కర్ర ఎత్తకండి, బరువు తెలిసేదాకా రెండు అంకెలు లెక్కపెట్టండి. తరువాత దిగువకు ఒక అడుగు వేసి, మళ్ళీ అదే విసురు.

వచ్చే పాఠం లోపల చేయవలసిన పని: మీకు దగ్గరలోని ఒకే చోటుకు వారానికి రెండుసార్లు, ఒకసారి ఉదయం, ఒకసారి సాయంత్రం వెళ్ళి, నీటి వేడి, మూత కనబడిన లోతు, నీటి మీద కనబడిన పురుగు, చేప లేచిన చోటు ఒక నోటుపుస్తకంలో రాయండి. మొదటి వారం కర్ర ఇంట్లోనే వదిలి వెళ్ళండి. ఆరవ పాఠంలో ఉసిల ఎరను నడుము నుంచి రెక్క దాకా కడతాము, అందుకు గోధుమ రంగు ఉన్నీ, బూడిదరంగు కోడి మెడ ఈకలు నాలుగూ దగ్గర పెట్టుకోండి.