సూపర్‌హీరో కామెడీ కార్టూన్ ఇంటిల్లిపాదీ చూడదగినదో కాదో ఎలా తేల్చుకోవాలి?

బొమ్మల ధారావాహిక అంటే పిల్లలదే అనుకుని టీవీలో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు. హార్లీ క్విన్ అనే పాత్ర 1992లో బ్యాట్‌మ్యాన్ కార్టూన్‌లో జోకర్ వెంట తిరిగే అల్లరిపిల్లగా తొలిసారి కనిపించింది. ఆనాడు దాన్ని చూసిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. 2019లో ఆమె పేరుతోనే వచ్చిన హాస్య ధారావాహికలో కూడా అదే పాత్ర, అవే మెరిసే రంగులు ఉంటాయి కాని, బూతులకూ నెత్తుటికీ కొదవ ఉండదు. అమెరికాలో దానికి టీవీ-ఎంఏ ముద్ర ఉంది, అంటే పదిహేడేళ్ళ లోపువారికి తగదని అర్థం. పాత పరిచయాన్ని నమ్ముకుని దాన్ని పండగపూట అందరి ముందూ పెట్టినవారు రిమోట్ కోసం దిండ్ల కింద ఎలా తడుముకుంటారో వేరే చెప్పనక్కరలేదు.

మా ఇంట్లో ఆరేళ్ళ పాప, పదకొండేళ్ళ బాబు, డెబ్బై దాటిన అత్తగారు ఒకే సోఫాలో కూర్చుంటారు. ఏ కొత్త కార్టూన్ అయినా ముందు నా పరీక్ష దాటాకే ఆ సోఫా ముందుకు వస్తుంది. ఆ పరీక్ష పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

కావలసినవి

గంటన్నర తీరిక, ఒక కాగితం, ఒక పెన్సిల్, ఇంట్లో అందరూ చూసే టీవీ. ఫోనులో పరీక్షించకూడదు, ఎందుకంటే అరచేతి తెర మీద చిన్న చప్పుడుతో పోయే పేలుడు హాలులో మరోలా ఉంటుంది. పెన్నుతో రాయకూడదు, మొదటి పది నిమిషాల్లో రాసుకున్న అభిప్రాయాన్ని చెరపవలసి వస్తుంది. రాత్రి భోజనాలయ్యాక అసలు కూర్చోకూడదు, అలసిన మనిషికి ఏదైనా ఫరవాలేదనే అనిపిస్తుంది.

ముందుగా, ఆ కార్యక్రమాన్ని ఎవరెవరు చూడబోతున్నారో వారి పేర్లు, వయసులు కాగితం మీద రాయండి. అందరిలోకీ చిన్నవారి పేరు కింద, అందరిలోకీ పెద్దవారి పేరు కింద ఒక్కొక్క గీత గీయండి. తీర్పు ఆ ఇద్దరిదే. మధ్య వయసువాళ్ళు ఎలాగూ సర్దుకుంటారు.

ముద్ర చూడటం

మన దేశంలో 2021 నాటి నిబంధనల ప్రకారం ఓటీటీ వేదికలు తమ కార్యక్రమాలకు యు, యు/ఎ 7+, యు/ఎ 13+, యు/ఎ 16+, ఎ అనే అయిదు ముద్రల్లో ఒకటి వేయాలి. ఆ ముద్రను వేసేది సెన్సారు బోర్డు కాదు, ఆ వేదికే తనకు తాను వేసుకుంటుంది. యు/ఎ 13+ నుంచి పైవాటికి తాళం వేసుకునే ఏర్పాటు తప్పనిసరి. యు/ఎ 7+ కు ఆ నిర్బంధం లేదు గనుక ఆరేళ్ళ పిల్ల కూడా రిమోట్ నొక్కి నేరుగా అందులోకి వెళ్ళిపోవచ్చు. ముద్ర పక్కన చిన్న అక్షరాల్లో హింస, దుర్భాష, భయం అని ఏదో ఒక కారణం రాసి ఉంటుంది. అంకె కంటే ఆ మాటే ముఖ్యం, దాన్నే కాగితం మీదికి ఎక్కించుకోండి. అమెరికా ముద్రల్లో టీవీ-వై7 అన్నది కల్పనకూ నిజానికీ తేడా గుర్తించే నేర్పు వచ్చిన పిల్లలకు ఉద్దేశించినది. దాని చివర ఎఫ్‌వీ అని ఉంటే కల్పిత హింస ఎక్కువగా ఉందని అర్థం. అంతకు మించి ముద్రకు విలువ ఇవ్వనక్కరలేదు.

ఏ ఎపిసోడ్ చూడాలి?

మొదటిది చూడకూడదు. మొదటి ఎపిసోడ్ పెళ్ళిచూపుల లాంటిది, అందరూ మర్యాదగానే కూర్చుంటారు. 2021లో వచ్చిన ఇన్విన్సిబుల్ అనే సూపర్‌హీరో కార్టూన్ కామెడీ కాకపోయినా ఈ మాటకు దానికి మించిన సాక్ష్యం లేదు. కొత్తగా శక్తులు వచ్చిన కుర్రవాడు, తండ్రి దగ్గర పాఠాలు, ఇంట్లో సరదా మాటలు అంటూ మొదటి ఎపిసోడ్ దాదాపు చివరిదాకా మామూలు కథలాగే నడిచి, ఆఖరి నిమిషాల్లో నెత్తుటి మడుగవుతుంది. సగం చూసి లేచినవారు అది పిల్లల కార్యక్రమమని ప్రమాణం చేసి చెబుతారు. కాబట్టి నాలుగో ఎపిసోడ్‌ను, సీజన్ చివరి నుంచి రెండోదాన్ని ఎంచుకుని, రెంటినీ పేర్లు పడేదాకా చూడాలి. నాలుగోదే ఎందుకని మా తోడికోడలు ప్రతిసారీ అడుగుతుంది. మూడు ఎపిసోడ్లు అయ్యేసరికి రచయితల మొహమాటం తీరిపోతుందని నా అనుభవం.

అసలు కష్టం: నవ్వును తూచడం

చాలామంది తప్పేది ఇక్కడే. గుద్దులు లెక్కపెడతారు, ముద్దులు లెక్కపెడతారు, నవ్వును మాత్రం తూచరు. కామెడీలో పిల్లల మనసులోకి దిగేది గుద్దు కాదు, ఆ గుద్దు దగ్గర వచ్చే నవ్వు. అందుకే ఒక్కొక్క ఎపిసోడ్‌లో అయిదు నిమిషాలు చప్పుడు పూర్తిగా తీసేసి చూడండి, మరో అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని వినండి. చప్పుడు లేకుండా కనిపించేది మా అత్తగారి కార్యక్రమం. ఆవిడకు ఇంగ్లీషు రాదు, డబ్బింగ్ మాటలు వేగంగా పోతాయి, అందువల్ల ఆవిడ బొమ్మను బట్టే తీర్పు చెబుతారు. కళ్ళు మూసుకుంటే వినిపించేది పాప కార్యక్రమం. బొమ్మలు వేసుకుంటూ ఓరగా వింటుంది గనుక దాని నోటికి వచ్చేవి ఆ మాటలే. అమెరికాలో మనవల దగ్గరకు వెళ్ళిన తాతలకూ అమ్మమ్మలకూ ఈ తేడా మరీ బాగా తెలుస్తుంది.

ఇక మొత్తం ఎపిసోడ్‌ను చప్పుడుతో చూస్తూ, నవ్వు వచ్చిన ప్రతిచోటా అది ఎవరి మీద వచ్చిందో రాయండి. 2013లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలైన టీన్ టైటాన్స్ గో చూడండి. అందులోని కుర్ర సూపర్‌హీరోల జట్టుకు నాయకుడు రాబిన్. అతడికి అధికారం చెలాయించాలన్న ఆరాటం ఎక్కువ, పైగా మిగతావారిలా శక్తులేమీ లేవు. అతడి చేతులు చిన్నవని మిత్రులు పదేపదే వెక్కిరిస్తారు. వెక్కిరింత నాయకత్వం వెలగబెట్టేవాడి మీద గనుక దాన్ని నేను ఒప్పుకుంటాను. కాని జట్టులోని అమ్మాయి స్టార్‌ఫైర్ వద్దంటున్నా అతడు ఆమె వెంటపడటాన్ని నవ్వుగా చూపించినచోట నా పెన్సిల్ ఆగిపోతుంది. మలమూత్రాల హాస్యానికి కూడా ఆ ధారావాహికలో లోటు లేదు. నా దృష్టిలో అది చెడ్డ అలవాటే తప్ప ప్రమాదం కాదు, దానికి పాప పగలబడి నవ్వుతుంది, అత్తగారు మొహం తిప్పుకుంటారు, అంతటితో సరి.

ఊళ్ళో తయారైన సరుకుకు మినహాయింపు ఇవ్వవద్దు. హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ఛోటా భీమ్ 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. లడ్డూ తింటే బలం పుంజుకునే ఆ కుర్రవాణ్ణి మనవాడి సూపర్‌హీరో అనుకోవచ్చు. అందులో దెబ్బలు తేలిక, బూతు లేదు, ఏ ముద్ర ప్రకారం చూసినా ఇబ్బంది లేదు. అయితే నవ్వు ఎవరి మీద అని రాసుకుంటూ పోతే కాగితం నిండా భీమ్‌తో పోటీపడే కాలియా పేరే వస్తుంది. నల్లవాడని స్ఫురించే పేరు, లావుపాటి ఒళ్ళు, తిండి యావ, ప్రతి పందెంలోనూ ఓటమి. అతడు దౌర్జన్యం చేసే పిల్లవాడే, కాదనను, కాని నవ్వు అతడి దౌర్జన్యం మీద కంటే ఒంటి మీదే ఎక్కువసార్లు పడుతుంది. తరగతిలో బొద్దుగా ఉన్న పిల్లవాడికి మర్నాడు ఏ పేరు అంటుకుంటుందో బడిపిల్లలున్న ఇళ్ళవారికి తెలుసు. అలాగని మేము దాన్ని మానెయ్యలేదు. చూసేటప్పుడు ఆ మాట పిల్లలతో అంటాము.

తర్వాత దెబ్బ సంగతి. ఒకరు తన్నులు తిన్నాక ఆ నొప్పి తర్వాతి సన్నివేశం దాకా ఉందా, లేక మెరుపులా మాయమైందా అన్నది రాయండి. ముద్రలు వేసేవారు నెత్తురు లేని హింసను తేలికగా తీసుకుంటారు. ఆరేళ్ళ పిల్లల విషయంలో నేను తిరగేసి ఆలోచిస్తాను, ఎందుకంటే నెత్తురు చూస్తే పిల్లలు భయపడి అనుకరించరు, నెత్తురు లేకుండా మేడ మీంచి పడి దులుపుకుని లేచేవాణ్ణి చూస్తేనే అనుకరించబుద్ధి పుడుతుంది. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలైన తర్వాత, అతడు వచ్చి కాపాడతాడని నమ్మి పిల్లలు ప్రమాదాలు కొనితెచ్చుకున్నారన్న వార్తలు వచ్చిన సంగతి మా తరానికి గుర్తే. అది మనుషులు నటించినదే గాని బొమ్మలది కాదు, అయినా పిల్లల నమ్మకం ఆ తేడాను పట్టించుకోదు. కాబట్టి ఇంట్లో దొరికే వస్తువుతో చేసే సాహసాలను, అంటే దుప్పటి కట్టుకుని దూకడం, తాడుకు వేలాడటం, కరెంటు తీగ పట్టుకుంటే శక్తి రావడం వంటివాటిని విడిగా గుర్తుపెట్టుకోవాలి. కంటి నుంచి వచ్చే అగ్నికిరణాల గురించి బెంగ అక్కరలేదు, అవి ఎవరింట్లోనూ లేవు.

ఇంకొకటి, పెద్దలకోసం చాటుగా పెట్టే హాస్యం. పిల్లలతో పాటు కూర్చున్న తల్లిదండ్రులకు విసుగు రాకుండా రెండర్థాల మాట ఒకటి వదలడం ఈ రచయితల వృత్తిధర్మం. పిల్లలకు అర్థం కాదు గనుక హాని లేదని వాదించేవారున్నారు. అర్థం కాని మాట దగ్గర మీరు నవ్వినప్పుడు పిల్లలు తెరను వదిలి మీ మొహం వైపు తిరిగి ఎందుకు నవ్వావని అడుగుతారు. ఆ ప్రశ్నకు అత్తగారి ముందు జవాబు చెప్పగలిగితే ఆ హాస్యం ఫరవాలేదు. ఈ కొలతను మించినది నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇదంతా ఎందుకు, తల్లిదండ్రుల కోసం సమీక్షలు రాసే కామన్ సెన్స్ మీడియా వంటివి ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, నేనూ చదువుతాను, ఏ ఎపిసోడ్‌లో ఏముందో తెలుసుకోవడానికి అవి పనికివస్తాయి. అయితే అవి వినేది ఇంగ్లీషు మాట, తూచేది అమెరికా ఇంటి తూకం. తెలుగు డబ్బింగ్‌లో ఒక తిట్టు చల్లబడి ఉండవచ్చు, లేదా మామూలు మాట స్థానంలో మన సినిమాల వెటకారం వచ్చి కూర్చుని ఉండవచ్చు. మీ పిల్లలు ఏ భాషలో చూస్తారో ఆ భాషలోనే పరీక్షించాలి, ఇంగ్లీషులో చూసి తెలుగులో పెట్టడం పరీక్ష కిందికి రాదు.

మెరుపుల గురించి ఒక మాట. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం కాంతులు వెంటవెంటనే మారడం వల్ల 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే మెరుపులు ఎక్కువున్న ధారావాహికను డాక్టరును అడగకుండా పెట్టవద్దు. ఎవరికీ లేకపోయినా హాలులో లైటు వేసే ఉంచండి.

తీర్పు, తాళం

కాగితాన్ని ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు ఉదయం కాఫీతో చదవండి. గీత గీసిన ఇద్దరిలో ఏ ఒక్కరికీ సరిపడకపోయినా అది అందరూ కలిసి చూసే కార్యక్రమం కాదు. బాబు ఒక్కడికే సరిపోతే వాడు పాప నిద్రపోయాక చూసుకోవచ్చు. అనుమానం మిగిలితే వద్దనే రాయండి, కార్టూన్లకు కరువు లేదు. పిల్లల ప్రొఫైల్ విడిగా పెట్టి, పెద్దల ప్రొఫైల్‌కు నాలుగంకెల తాళం వేయండి. ఆ అంకెలు పాప పుట్టినరోజు కాకూడదు, మా బాబు దాన్ని రెండో ప్రయత్నంలోనే కనిపెట్టాడు. కొత్త సీజన్ వచ్చినప్పుడు పాత కాగితాన్ని నమ్మకుండా, దాని నాలుగో ఎపిసోడ్‌తో మళ్ళీ మొదలుపెట్టాలి.