గంజాయి వార్తను చదవడం – మూడవ పాఠం: మొక్కలో ఏ భాగం?

గంజాయిలో ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయని గత పాఠంలో తెలుసుకున్నాం. తెలుగులో గంజాయి అన్న మాట మొక్కకూ చెల్లుతుంది, ఎండబెట్టిన పూతకూ చెల్లుతుంది. ‘గంజాయి వనంలో తులసి మొక్క’ అనే సామెతకు అంతకు మించిన తేడా అక్కరలేదు గాని, ఒక వార్తనో వైద్య సలహానో చదివేటప్పుడు మాత్రం ‘ఏ భాగం?’ అని ముందుగా అడగడం అలవాటు చేసుకోవాలి.

మత్తు కలిగించే టీహెచ్‌సీ ప్రధానంగా ఆడపూతను, దానిని అంటిపెట్టుకొన్న చిన్న ఆకులను కప్పి ఉండే సూక్ష్మమైన జిగురు గ్రంథుల్లో తయారవుతుంది. పెద్ద ఆకుల్లో తక్కువగా ఉంటుంది, గింజల లోపల దాదాపు ఉండదు. ఈ పదార్థాన్ని ఇజ్రాయెల్‌లో మెషులమ్, గావోనీ అనే శాస్త్రజ్ఞులు శుద్ధరూపంలో వేరుచేసింది 1964లోనే అయినా, ఆకు, పూత, జిగురుల బలాల తేడా మన దేశంలో అంతకు ఎంతో ముందే అందరికీ తెలుసు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, ఆకును భంగుగా, పూతను గంజాయిగా, జిగురును చరస్‌గా విడదీసే పరిశీలించింది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా దాదాపు ఈ గీతల మీదనే నడుస్తుంది. దాని ప్రకారం గంజాయి అంటే పూత లేదా కాయ పట్టిన కొనలు. ఆ కొనలతో కలవని విడి ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే భంగు రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కిందికి వెళ్లింది. గంజాయికి ఒక కిలో వరకు అల్ప పరిమాణం, ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కాగా, చరస్‌కు ఆ హద్దులు 100 గ్రాములు, ఒక కిలో. రెండు కిలోల గంజాయికి గరిష్ఠ శిక్ష పదేళ్లు. అదే రెండు కిలోల చరస్‌కు కనీస శిక్షే పదేళ్లు. ఇక్కడ పాఠకుడు తరచుగా పొరపడే చోటు ఒకటుంది. విశాఖ మన్యం వార్తల్లో ‘ద్రవ గంజాయి’ అని రాసే హషీష్ ఆయిల్‌ను చట్టం గంజాయి కింద కాక చరస్ కిందనే చేర్చింది.

భంగును ఆ చట్టం వదిలిపెట్టింది కాబట్టి అది హాని చేయదని అనుకోవడం తప్పు. పొగ ప్రభావం నిమిషాల్లో తెలుస్తుంది. తిన్నది, తాగినది మాత్రం అరగంట నుంచి రెండు గంటల దాకా తెలియకపోవచ్చు. పైగా కాలేయం టీహెచ్‌సీని మరింత బలమైన మరో రూపంలోకి మారుస్తుంది. ఏమీ కాలేదనుకొని రెండో గ్లాసు తాగినవారే గుండెదడతో, తీవ్రమైన భయంతో ఆసుపత్రికి చేరుతుంటారు.

అభ్యాసం: ఈ వారం పత్రికల్లో వచ్చిన మూడు గంజాయి వార్తలను తీసుకొని, ఒక్కొక్కదాని పక్కన పట్టుబడిన భాగమేదో, బరువెంతో, అది ఏ పరిమాణం కిందికి వస్తుందో రాయండి. భాగం పేరు వార్తలో లేకపోతే ఊహించవద్దు, ‘చెప్పలేదు’ అని రాయండి. వచ్చే పాఠాన్ని ఆ ఖాళీల దగ్గరనుంచే మొదలుపెడదాం.