రొట్టెల దుకాణం దగ్గర మొదలుపెట్టి ఫ్రెంచ్ నేర్చుకోవడం ఎలా?

ఫ్రాన్స్‌లో ఉంటే ఫ్రెంచ్ దానంతటదే వస్తుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. రాదు. విమానాల తయారీకి పేరుపడ్డ తూలూజ్ నగరంలో, ఆఫీసులో ఇంగ్లీషుతో, ఇంట్లో తెలుగుతో, సూపర్‌మార్కెట్‌లో మనిషితో పని లేకుండా బిల్లు వేసుకునే యంత్రంతో నాలుగేళ్లు గడిపి కూడా "బోఁజూర్", "మెర్సి" దాటి ముందుకు పోనివారిని నేను చూశాను. మొదటి ఏడాది నేనూ వారిలో ఒకణ్ణే. భాష గాలిలో ఉండదు, కొన్ని చోట్ల, కొన్ని వేళల్లో, కొందరి నోళ్లలో ఉంటుంది కాబట్టి, అక్కడికి మనమే పని కల్పించుకుని వెళ్లాలి. తరగతులు మానేయమని దీని అర్థం కాదు. అక్కడ నేర్చిన వ్యాకరణానికి వీధిలో పని చూపించే పద్ధతి ఇది. ఉదాహరణలు ఎక్కువగా తూలూజ్‌వే అయినా, ఒకటి రెండు తప్ప మిగతావన్నీ ఫ్రాన్స్‌లో ఏ ఊరికైనా సరిపోతాయి.

ముందుగా లిపి గురించి ఒక మాట. ఫ్రెంచ్‌లో ముక్కుతో పలికే అచ్చులు ఉన్నాయి, వాటిని రాయడానికి మనం వాడుక మానేసిన అరసున్న చక్కగా పనికొస్తుంది. "వేఁ" అంటే ద్రాక్షసారా, "వాఁ" అంటే గాలి, "వోఁ" అంటే వాళ్లు వెళ్తున్నారు. మూడింటిలోనూ చివర "న్" గానీ "మ్" గానీ వినపడకూడదు. మీ నోటుపుస్తకంలోనూ ఇలాగే రాసుకోండి; ఇంగ్లీషు అక్షరాల్లో చదివినప్పుడు పలికే తప్పులు సగం తగ్గుతాయి.

మొదటి మెట్టు: లోపలికి అడుగుపెట్టగానే పలకరించండి

దుకాణంలోకి, లిఫ్టులోకి, డాక్టరు దగ్గర వేచి ఉండే గదిలోకి, ఎక్కడికి వెళ్లినా మొదటి మాట "బోఁజూర్". మనకు ఇది మర్యాదలో ఒక భాగం మాత్రమే. అక్కడ ఇది తలుపు తట్టడం వంటిది, తట్టకుండా లోపలికి వచ్చినవాడికి జవాబు చెప్పవలసిన పని లేదని అనుకుంటారు. వచ్చిన కొత్తలో ఒక మందుల దుకాణంలో నేను పలకరింపు లేకుండానే, ఇంట్లో పదిసార్లు వల్లెవేసుకున్న వాక్యాన్ని ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. కౌంటరు వెనక ఉన్నావిడ నా ప్రశ్నను పక్కన పెట్టి, నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి, "బోఁజూర్, మెస్యో" అన్నారు. నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

మన "గారు" పేరు తరవాత వస్తుంది. అక్కడ "మెస్యో", "మదామ్" పేరు లేకుండానే గౌరవాన్ని మోస్తాయి. బయటికి వెళ్లేటప్పుడు "బొన్ జుర్నే" అనాలి, సాయంత్రమైతే "బొన్ స్వారే". ఈ రెండు మూడు మాటలే మొదటి వారానికి చాలు.

రెండో మెట్టు: ఒకే రొట్టెల దుకాణం, ఒకే వేళ

ఈ మెట్టు మీద ఎక్కువ కాలం నిలబడండి. ఇంటికి దగ్గరలో ఉన్న రొట్టెల దుకాణాన్ని ఒకటి ఎంచుకుని, వీలైతే రోజూ ఒకే సమయానికి వెళ్లండి. ఉదయం ఎనిమిదింటి రద్దీలో వెనకవాళ్ల చూపులు మిమ్మల్ని తొందరపెడతాయి; మధ్యాహ్నం నాలుగు దాటాక అమ్మేవారికి కాస్త తీరిక ఉంటుంది. దుకాణానికి సాధారణంగా వారానికో రోజు సెలవు ఉంటుంది, తలుపు మీద అంటించిన కాగితం చదివి అదేమిటో తెలుసుకోండి. అదే మీ మొదటి పాఠ్యాంశం.

అడిగేటప్పుడు "బగెత్" (కర్రలా పొడుగ్గా ఉండే రొట్టె) అని ఊరుకోకుండా "యూన్ త్రదిస్యోఁ, సిల్ వూ ప్లే" అనండి. "త్రదిస్యోఁ" అనేది 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం చేసే రొట్టె: పిండిని గడ్డకట్టించి నిలవ ఉంచకూడదు, పిండి, నీళ్లు, ఉప్పు, పులియబెట్టే పదార్థం ప్రధానంగా ఉండాలి, కృత్రిమ రసాయనాలు కలపకూడదు. బగెత్ తయారీ నైపుణ్యాన్ని 2022లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అందువల్ల రొట్టె గురించి అడిగితే అమ్మేవారు విసుక్కోకుండా మాట్లాడతారు, మీకు అదనంగా నాలుగు వాక్యాలు దొరుకుతాయి. బాగా ఎర్రగా కాలినది కావాలంటే "బియేఁ క్యుయిత్", తక్కువ కాలినది కావాలంటే "పా త్రో క్యుయిత్".

రొట్టె కాగితంలో చుడుతూ అమ్మే ఆవిడ ఒక మాట అంటుంది, కొత్తవాళ్లందరూ తడబడేది అక్కడే: "ఎ అవెక్ సెసి?" దీనితో పాటు ఇంకేమైనా కావాలా అని అర్థం. పాఠ్యపుస్తకాల్లో ఈ మాట అరుదు, కౌంటర్ల దగ్గర మాత్రం రోజుకు వందసార్లు వినపడుతుంది. "స్ సెరా తూ, మెర్సి" అంటే ఇక చాలు అని. వారం తరవాత మరో తినుబండారాన్ని చేర్చండి. తూలూజ్‌లో, నైరుతి ప్రాంతమంతటా, చాక్లెట్ పెట్టి కాల్చిన పొరల రొట్టెను "షొకొలతీన్" అంటారు, పారిస్‌లో అదే "పేఁ ఓ షొకొలా". పారిస్ పేరుతో అడిగినా ఇస్తారు, కాని ఒక చిన్న నవ్వు, ఒక సవరింపు తోడుగా వస్తాయి. ఆ సవరింపు ఉచితంగా దొరికిన సంభాషణ కాబట్టి నేను కావాలనే కొన్నాళ్లు తప్పు పేరుతో అడిగాను.

ఇంటికి వచ్చాక ఆ రోజు విన్నదాన్ని, అర్థం కాకపోయినా, చెవికి పడ్డట్టు తెలుగు లిపిలో రాసుకోండి. అర్థం మర్నాడు తేలుతుంది, లేదా వారం తరవాత వేరే దుకాణంలో అదే మాట విన్నప్పుడు తేలుతుంది.

మూడో మెట్టు: సంతలో అంకెలు, లింగాలు

ఆదివారం ఉదయం సేఁతోబేఁ చర్చి చుట్టూ సంత జరుగుతుంది. అక్కడ వరస పద్ధతి ముందు తెలియాలి: అమ్మేవాడు "సె తా కి?" అని అడుగుతాడు, ఎవరి వంతు అని. "సె తా మ్వా" అంటే నాది. ఇది పలకడానికి ధైర్యం చాలనివాడు పది నిమిషాలు టమాటాల ముందు నిలబడే ఉంటాడు.

ఫ్రెంచ్ అంకెలు డెబ్బై దగ్గర దారి మారుస్తాయి: డెబ్బై అంటే అరవై మీద పది, ఎనభై అంటే నాలుగు ఇరవైలు, తొంభై అంటే నాలుగు ఇరవైల మీద పది. 97 చెప్పాలంటే నాలుగు ఇరవైలు, పది, ఏడు. చిక్కు ఎక్కడ వస్తుందో చూడండి: ధర 4.80 యూరోలైతే "కాత్ర్" అని మొదలై, నడుమ యూరో మాట వచ్చి, వెంటనే మళ్లీ "కాత్ర్ వేఁ" అని వినపడుతుంది. మొదటి కాత్ర్ నాలుగు యూరోలు, రెండోది ఎనభై సెంట్లలో సగం మాట. చేతిలో నోటు పెట్టి చిల్లర తీసుకుంటే ఈ గండం ఎప్పటికీ దాటలేరు, కాబట్టి కొన్నాళ్లు సరిగ్గా చిల్లర లెక్కపెట్టి ఇవ్వండి. మరో సాధన మీ ఫోను నంబరు: అక్కడ పదంకెలను రెండేసి చొప్పున ఐదు జంటలుగా చదువుతారు, మన మాదిరిగా విడివిడిగా కాదు.

నామవాచకాల లింగం కూడా సంతలోనే బాగా ఒంటబడుతుంది. మనకు మహత్తు, అమహత్తు అని తెలుసు, కుర్చీ, బల్ల మనకు ఆడా కాదు మగా కాదు. ఫ్రెంచ్‌లో ప్రతి వస్తువూ ఏదో ఒకటి కావలసిందే. "యూన్ లీవ్ర్" అంటే అరకిలో, "ఏఁ లీవ్ర్" అంటే పుస్తకం. ముందున్న చిన్న మాట తప్పితే మీరు అడిగింది టమాటాల పుస్తకం అవుతుంది. అందుకే ఏ కొత్త మాటనైనా ముందున్న "ఏఁ", "యూన్"లతో కలిపే రాసుకోవాలి. విడిగా రాసుకుని తరవాత లింగం చేరుస్తానంటే చేర్చలేరు. సరుకు వేసుకోవడానికి సంచి కావాలంటే ఈ ప్రాంతంలో "సాక్" అనరు, "పొష్" అంటారు. మిగతా ఫ్రాన్స్‌లో "పొష్" అంటే జేబు.

నాలుగో మెట్టు: చెవిని వీధికి అలవాటు చేయండి

పుస్తకంలో "జె నె సే పా" అని ఉంటుంది, నాకు తెలియదని. వీధిలో అది "షే పా". "ఇల్ యా" కాస్తా "యా" అవుతుంది. నిషేధార్థంలో వచ్చే "నె"ను మాటల్లో ఎక్కువగా మింగేస్తారు. మనం "వెళ్లాలి అని అనుకుంటున్నాను"ను ఎలా కుదిస్తామో తలుచుకుంటే ఇందులో వింత ఏమీ కనపడదు.

తూలూజ్‌కు వచ్చిన తెలుగువాడికి ఒక అదృష్టం ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. పారిస్ ఫ్రెంచ్‌లో చివరి "ఎ" మాయమైపోతుంది, దక్షిణాదివారు మాత్రం దాన్ని వినపడేలా పలుకుతారు. వారి నోట "బగెత్" చివర చిన్న అచ్చు మోగుతుంది, "పేఁ" చివర "పేంగ్" అన్నట్టుగా ఒక గకారపు ఛాయ తగులుతుంది. పాఠాల్లో విన్నదానికి ఇది వేరుగా ఉన్నా, మాటకూ మాటకూ మధ్య హద్దు తెలియడానికి మన చెవికి ఇదే సులువు. ఇంకో హెచ్చరిక: అక్కడి మెట్రోలో స్టేషను పేరును ఫ్రెంచ్ తరవాత ఆ ప్రాంతపు పాత భాష అయిన ఆక్సితాన్‌లోనూ చెబుతారు, అది అర్థం కాలేదని దిగులుపడకండి.

ఇంట్లో వినడానికి ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐవారి "జుర్నాల్ ఆఁ ఫ్రాఁసే ఫసీల్" వంటిది లేదు. తేలిక ఫ్రెంచ్‌లో, పది నిమిషాల పాటు, లిఖిత పాఠంతో సహా వార్తలు దొరుకుతాయి. మొదట పాఠం చూడకుండా వినండి, తరవాత చూస్తూ వినండి, చివరికి మూడు వాక్యాలు మాత్రం వింటూ రాయండి. ఈ క్రమాన్ని తిరగేసి ముందే పాఠం చదివేస్తే చెవికి పని ఉండదు.

పలకడంలో ఒకే ఒక అచ్చును పట్టుదలగా సాధించాలి: నాలుకను "ఈ"కి పెట్టి, పెదవులను "ఊ"కి చుట్టడం. "దెస్యు" అంటే పైన, "దెసూ" అంటే కింద. మా వంటగదిలో పైఅంతస్తు నుంచి నీళ్లు కారుతుంటే నేను ఇంటి యజమానికి ఫోనులో "దెసూ" అన్నాను. ఆయన వెళ్లి కింది అంతస్తు వారి తలుపు తట్టారు.

ఐదో మెట్టు: చేతికి వచ్చిన ప్రతి కాగితమూ చదవండి

1994 నాటి తూబోఁ చట్టం ప్రకారం ఫ్రాన్స్‌లో అమ్మే సరుకుల వివరాలు ఫ్రెంచ్‌లో ఉండాలి, ప్రకటనల్లో ఇంగ్లీషు నినాదం ఉంటే దాని అనువాదమూ ఉండాలి. మనకు దీనివల్ల రెండు లాభాలు. బస్‌స్టాపులో పెద్ద అక్షరాల ఇంగ్లీషు పక్కన చిన్న చుక్క గుర్తు (*), కింద దాని ఫ్రెంచ్ కనపడతాయి. రెండోది ఇంకా రుచికరమైనది: భారతీయ సరుకుల దుకాణంలో కొన్న ఆవకాయ సీసా మీద కూడా ఫ్రెంచ్ చీటీ అంటించి ఉంటుంది. మీకు లోపల ఏముందో ముందే తెలుసు కాబట్టి నిఘంటువు అక్కరలేదు. "ముతార్ద్" అన్న మాట ముద్దక్షరాల్లో ఉండడం చూసి, ఆవాలను అక్కడ అలర్జీ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టారని కూడా తెలుసుకుంటారు.

మన మాటలు కొన్ని ఎదురు కూడా వస్తాయి. ఫ్రెంచ్ నిఘంటువుల్లో "మదపొలామ్" అని ఒక నూలుబట్ట పేరు ఉంది. అది నర్సాపురం పక్కన ఉన్న మాధవాయపాలెం నుంచి వెళ్లిన మాట.

ఆరో మెట్టు: ఏదో ఒక సంఘంలో చేరండి

మాట్లాడడం కోసమే కలిసే బృందాలు గ్రంథాలయాల్లో ఉంటాయి, వాటికీ వెళ్లండి. అయితే పని చేస్తూ మాట్లాడే చోట భాష త్వరగా అంటుతుంది. 1901 నాటి చట్టం కింద నమోదైన సంఘాలు ప్రతి పేటలోనూ ఉన్నాయి: బృందగానం, తోటపని, బ్యాడ్మింటన్, సైకిళ్లు బాగుచేయడం. సెప్టెంబరులో చాలా ఊళ్లలో ఇవన్నీ ఒకేచోట బల్లలు వేసుకుని కొత్త సభ్యులను చేర్చుకుంటాయి. సైకిలు గొలుసు చేత్తో పట్టుకుని ఎవరైనా ఏదో చెబుతున్నప్పుడు సగం అర్థం వస్తువే చెబుతుంది.

"వూ", "త్యు"ల సంగతి తేలేదీ అక్కడే. మనకు మీరు, నువ్వు ఉన్నాయి కాబట్టి సులువే అనుకుంటాం, కాని హద్దులు వేరు. అక్కడ తాతగారినీ అమ్మానాన్నలనూ సాధారణంగా "త్యు" అనే అంటారు, ఆఫీసులో పైఅధికారిని కూడా చాలాచోట్ల అంతే; పదేళ్లుగా రొట్టె ఇస్తున్నావిడను మాత్రం "వూ" అంటారు. వయసు కాదు, దగ్గరితనమే కొలమానం. సందేహం ఉంటే "వూ" వాడుతూ, అవతలివారు "ఓఁ స త్యుత్వా?" (నువ్వు అనుకుందామా?) అని అడిగేదాకా ఆగండి.

పండుగలు కూడా ఇలాంటి చనువు ఇస్తాయి. జనవరిలో గలెత్ అనే పండుగ కేకు కోసేటప్పుడు చిన్నపిల్లను బల్ల కిందికి పంపి ఏ ముక్క ఎవరికో చెప్పిస్తారు; ముక్కలో దాచిన చిన్న బొమ్మ దొరికినవారికి కిరీటం. ఫిబ్రవరి 2న క్రెప్‌లు అనే పల్చటి అట్లు, జూన్ 21న వీధి సంగీతం, సెప్టెంబరు మూడో వారాంతంలో చారిత్రక భవనాల సందర్శన. పిలిస్తే కాదనకండి.

ఏడో మెట్టు: ఫోను చేయండి

ముఖం, చేతులు కనపడని చోటే అసలు పరీక్ష. మూడు నాలుగు నెలలు గడిచాక క్షౌరశాలకో, డాక్టరుకో ఫోను చేసి "రాఁదేవూ", అంటే అపాయింట్‌మెంట్, అడగండి. ముందుగా పేరు, రోజు, గంట, కారణం నాలుగు వరుసలుగా కాగితం మీద రాసిపెట్టుకోండి. గంటలు ఇరవైనాలుగు లెక్కలో చెబుతారు, పేరు అక్షరాలుగా విడదీసి చెప్పమంటారు. మన ఇంటిపేర్లకు ఇది ఎంత పనో తెలుసు కదా, ఫ్రెంచ్ అక్షరమాలలో మీ పేరును వంద సార్లు చదివి ఉంచుకోండి.

ఇంకా హైదరాబాదులోనే ఉన్నవారు అలియాఁస్ ఫ్రాఁసేజ్‌లో తరగతులతో పాటు నాలుగో మెట్టును, ఫోను భాషను ఫ్రెంచ్‌కు మార్చడాన్ని ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు. సంత మాత్రం అక్కడికి వెళ్లాకే.

ఈ లోగా రెండో మెట్టు మానకండి. ఒక సాయంత్రం మీరు తలుపు తెరవగానే రొట్టెల దుకాణంలో ఆమె ముందే చెయ్యి చాచి "కొమ్ దాబిత్యుద్?" అంటుంది, ఎప్పటిలాగేనా అని. ఆ పిలుపు హాయిగా ఉంటుంది గాని, ఒప్పుకుంటే మర్నాటి నుంచి నోరు తెరిచే పని ఉండదు. అందుకని కాదని చెప్పి, వెనక బల్ల మీద ఉన్న పేరు తెలియని రొట్టె ఏదో చూపించి, అదేమిటో, ఎలా చేస్తారో, దేనితో తింటారో అడగండి.