పాడేరు పసుపా, దుగ్గిరాల పసుపా? వాసనతో తేల్చడం ఇలా

విశాఖ పూర్ణా మార్కెట్‌లో "పాడేరు పసుపేనండీ" అనగానే నమ్మేయక్కర్లేదు. ముందు పోలిక కోసం రెండు చోట్లా రైతుల దగ్గరే, ఊరు పక్కాగా తెలిసిన కొమ్ములు కొన్నేసి తెచ్చుకుని రకం, ఉడకబెట్టిన తీరు, నిల్వ కాలం రాసిపెట్టుకోండి, ఎందుకంటే వాసన వీటివల్ల కూడా మారుతుంది. మన విశాఖ ఉక్కలో పొడి కొట్టి ఉంచొద్దు. అప్పటికప్పుడు దంచి, ఒకే తూకం సీసాలో బిగించి, అన్నిటినీ ఒకే వేడిలో ఉంచి, పైన చేరిన ఆవిరిని జీసీ-ఎంఎస్‌కి (ఆవిరిలోని పదార్థాలను విడదీసి గుర్తుపట్టే యంత్రం) ఇవ్వండి. పసుపు వాసననిచ్చే ఆర్-టర్మరోన్, ఆల్ఫా, బీటా టర్మరోన్లు ఎక్కడి పసుపులోనైనా కనిపిస్తాయి, అందుకే వాటి నిష్పత్తులు చూడాలి. ఏ పదార్థం ఎప్పుడు బయటికొస్తుందో పోల్చుకోవడానికి కొలబద్దగా ఆల్కేన్ల (వరుస పొడవుల హైడ్రోకార్బన్ల) మిశ్రమాన్నీ అదే యంత్రంలో ఒకసారి నడపండి. యంత్రం లైబ్రరీ (తెలిసిన పదార్థాల జాబితా) చెప్పిన పేరునే గుడ్డిగా నమ్మితే ఒకదాన్నొకటి పోలి ఉండే సెస్క్విటెర్పీన్ల (మొక్కల వాసన పదార్థాల్లో ఒక రకం) దగ్గర బోల్తా పడ్డట్టే. పీసీఏ గ్రాఫ్‌లో (కొలతలన్నీ కలిపి ఒక్కో నమూనాను ఒక్కో చుక్కగా చూపేది) పాడేరు, దుగ్గిరాల గుంపులు రెండూ విడిపోకపోతే మాత్రం ఊరు పేరు చెప్పకండి.