బ్యాలెన్స్ ఎక్సర్‌సైజ్ ఎంత గట్టిగా నడుస్తోందో ఇంట్లోనే కొలవండి

నల్గొండ జిల్లా చండూరు దగ్గర ఒక ఇంటికి వెళ్తే పెద్దమ్మ నోట్‌బుక్ తెచ్చి చూపించింది. పక్షవాతం వచ్చిన భర్తను రోజూ అర్ధగంట నిలబెడుతోంది, ఒక్కరోజు తప్పలేదు. "అయినా ఫరక్ వస్తలేదు సార్" అంది. చేయించి చూపించమన్నాను. ఆయన కాళ్లు బాగా ఎడం చేసి, కుర్చీని గట్టిగా పట్టుకుని, టీవీ చూస్తూ నిలబడ్డాడు. అర్ధగంట కాదు, రెండు గంటలు నిలబడగలడు అట్లా. ఆయన శరీరానికి అందులో పనేం లేదు.

నిమిషాలు రాస్తే కష్టం తెలియదు. నడకకైతే నాడి, ఆయాసం చూస్తాం, ఎంత కష్టంగా ఉందో 6 నుంచి 20 దాకా అంకెల్లో మనిషితోనే చెప్పించే బోర్గ్ స్కేల్ వాడతాం, కానీ కాళ్లు దగ్గర పెట్టి నిలబడిన మనిషికి ఆయాసం రాదు. ఇక 14 పనులకు 56 మార్కులేసే బెర్గ్ టెస్ట్ ఉంది కదా అంటారు. అది మనిషికి ఎంత నిలకడ ఉందో చెబుతుంది, ఇవాళ చేసిన ఎక్సర్‌సైజ్ ఆయనకు ఎంత బరువైందో చెప్పదు. దీనికోసమే ఆస్ట్రేలియాలో బ్యాలెన్స్ ఇంటెన్సిటీ స్కేల్ అని తయారు చేశారు. చేయించేవాళ్లు చూసి రాసేది ఒకటి, చేసేవాళ్లు చెప్పేది ఒకటి. వయసు మళ్లినవాళ్ల మీద పరీక్షించిన స్కేల్ అది, అయినా చూడటం, అడగడం అనే ఆ రెండు పనులూ మన ఇంట్లోనూ చేయొచ్చు.

ముందు జాగ్రత్త. డాక్టర్, ఫిజియో సరే అన్నాకే మొదలుపెట్టండి. సాన్పి చల్లిన వాకిట్లో, తడి షాబాద్ బండల మీద వద్దు. గోడ మూల వీపు వెనక ఉండేలా నిలబెట్టి, ఎదురుగా కదలని కుర్చీ వేయండి. మీరు పడిపోయిన చెయ్యి వైపు పక్కనే నిలబడి నడుము దగ్గర పట్టుకోవడానికి సిద్ధంగా ఉండండి. ఆ చెయ్యి పట్టి మాత్రం లాగొద్దు, భుజం జారుతుంది.

ఇప్పుడు ఫోన్‌లో 10 సెకన్ల టైమర్ పెట్టి, నిలబడిన మనిషిని చూడండి. చీలమండ దగ్గర సన్నగా కదలికలు కనిపిస్తే పని నడుస్తున్నట్టే. నడుము ఊగి, చేతులు గాల్లోకి లేచి, మాట్లాడుతున్నది ఆపేసి, కాలివేళ్లు నేలను పట్టుకుంటే అది గట్టి పని. అడుగు వేసేశాడు, కుర్చీ పట్టేశాడు అంటే హద్దు దాటింది. ఊపిరి బిగబట్టడం కూడా గమనించండి, చాలామంది దాన్ని చూడరు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో నడుము, మెడ బిగుసుకున్నవాళ్లు ఊగినట్టే కనిపించరు, ఒక్కసారే అడుగు తప్పుతారు, వాళ్ల దగ్గర ఇంకా దగ్గరగా ఉండండి.

తర్వాత అడగండి: "బాపూ, పడిపోతానేమో అని ఎంత అనిపించింది? అస్సలు లేకుంటే సున్నా, పట్టుకోకుంటే పడిపోయేవాణ్ని అంటే పది." మాట రానివాళ్లు వేళ్లతో చూపిస్తారు. ఎడమ పక్క పడిపోయినవాళ్లలో కొందరికి తమ లోపం తమకే తెలియదు, ఊగిపోతూ కూడా "ఏం లేదు, మంచిగనే ఉన్న" అంటారు. వాళ్ల అంకె కంటే మీ కన్నునే నమ్మండి.

నేనైతే 5, 6 దగ్గర ఉంచుతాను, అప్పుడప్పుడు 7. రెండు రోజులు వరసగా 2, 3 వస్తే ఒక్కటే మార్చండి: కాళ్లు కొంచెం దగ్గరికి, లేదా అరచేతికి బదులు రెండు వేళ్లతో పట్టు, లేదా నిలబడి మాట్లాడించడం. బొంత మడిచి దాని మీద నిలబెట్టడం, కళ్లు మూయించడం ఫిజియో ఎదురుగానే. రెండు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల కష్టమైందో మీకు అర్థం కాదు. పదిసార్లలో మూడు నాలుగుసార్లు కుర్చీ పట్టేస్తుంటే వెనక్కి తగ్గండి. కళ్లు తిరిగితే కూర్చోబెట్టండి. మూతి వంకరపోవడం, మాట తడబడటం, కొత్తగా చెయ్యి పడిపోవడం కనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

పెద్దమ్మ నోట్‌బుక్‌లో ఇప్పుడు ఇట్లా ఉంటోంది: "పొద్దున. కాళ్లు దగ్గరికి, రెండు వేళ్లు. 10 సెకన్లు, 6 సార్లు. ఒకసారి కుర్చీ పట్టిండు. 6 అన్నడు. నాకు 7 అనిపించింది."