ఆన్‌లైన్ చెస్‌లో సరిజోడు దొరకడం లేదా?
ప్రతిసారీ మనల్ని చితక్కొట్టేవాళ్లో, పదో ఎత్తుకే మంత్రిని పోగొట్టుకునే కొత్తవాళ్లో తగులుతుంటే ఎవరికైనా చిరాకే. అలాంటప్పుడు వెంటనే ఆడించే బటన్ నొక్కకుండా, కస్టమ్ గేమ్‌లోకి వెళ్లి ప్రత్యర్థి రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) పరిధి మీరే పెట్టుకోండి. మీకంటే 50 తక్కువ నుంచి 100 ఎక్కువ వరకు పెడితే ఆట రసవత్తరంగా ఉంటుంది. ఎందుకంటే ఎలో అనే రేటింగ్ లెక్కలో తేడా 200 ఉంటే పైవాళ్లకు సగటున 4 ఆటల్లో 3 పాయింట్లు వస్తాయి, 400 ఉంటే 10లో 9. అలాంటి ఆటలు వరసగా పడితే నీరసం రాక ఏమవుతుంది! పరిధి మరీ కుదిస్తే మాత్రం ఎదురుచూపు పెరుగుతుంది.

లీచెస్ అనే చెస్ సైట్‌లో కొత్త ఖాతా 1500తో మొదలవుతుంది. రేటింగ్ పక్కన ప్రశ్నార్థకం ఉంటే ఆ అంకె ఇంకా కుదురుకోలేదని అర్థం, ఆ దశలో జోడీలు అటూ ఇటూ అవుతాయి. ఆటకిచ్చే సమయాన్ని బట్టి ఉండే బుల్లెట్, బ్లిట్జ్, ర్యాపిడ్ రకాలకు రేటింగ్ వేరువేరు కాబట్టి కొన్నాళ్లు ఒక్కదానిలోనే ఆడండి, త్వరగా స్థిరపడుతుంది.

మంచి జోడీ తగిలితే మొహమాటపడకుండా రీమ్యాచ్ అడగండి.